తండ్రి లేని కార్డులో పిలిచేవారు

పెళ్లిళ్ల సీజన్‌లో నా కుడి మణికట్టు నాకంటే ముందే అలసిపోతుంది. వరంగల్ స్టేషన్ రోడ్డు నుంచి లోపలికి తిరిగే ఒక సందులో నాకు చిన్న డీటీపీ షాపు ఉంది. పెళ్లికార్డులు, గృహప్రవేశాల కార్డులు, దశదినకర్మల కార్డులు చేస్తాను. మనిషి బతుకులో ముఖ్యమైన రోజులన్నిటికీ అచ్చుతప్పులు సరఫరా చేసేవాణ్ణన్నమాట. అచ్చుపని నాకు అచ్చిరాలేదని మా ఆవిడ అభిప్రాయం. ఈ పని మానేద్దామని మూఢం వచ్చిన ప్రతిసారీ నిర్ణయం తీసుకుంటాను. మూఢం పోయి ముహూర్తాలు మొదలవగానే ఆ నిర్ణయం మరిచిపోయేంత మూఢుణ్ణి.

కార్డు చేయడం కష్టం కాదు. దిద్దడమే కష్టం. ఒక పెళ్లికార్డులో పెళ్లికూతురి పేరు కవరు మీద వస్తుంది, లోపల వస్తుంది, ఇంగ్లిష్ వైపు వస్తుంది, చిన్నపిల్లల పేరుతో అడుగున వేసే ముద్దుమాటల్లోనూ వస్తుంది. అన్నీ సరిచూసి ప్రూఫ్ ఇచ్చాక, పేరు చివర దీర్ఘం ఉండాలని పంతులు చెప్పాడంటూ ఫోన్ వస్తుంది. మూడుచోట్ల దీర్ఘం పెట్టి నాలుగోచోట మరిచిపోతాను. ఆ నాలుగోదే అందరికంటే ముందు మేనత్త కంటపడుతుంది.

ఈ బాధ పడలేక, వయసులో ఉండగా సగం చదివి వదిలేసిన కంప్యూటర్ కోర్సులోంచి ఒక పాత పనిముట్టును బయటికి తీశాను. దాని పేరు ఎంఫోర్. పేరు విన్న కస్టమర్ ఒకాయన “బండి పేరా అన్నా, మైలేజ్ ఎంతిస్తది?” అని అడిగాడు. దానికి బొమ్మలుండవు, బటన్లుండవు. నల్లటి తెర మీద ఒక వరుస కొట్టి ఎంటర్ నొక్కితే పనిచేస్తుంది, నొక్కకపోతే నాలాగే కూర్చుంటుంది. ఇలాంటిదాన్ని మాక్రో ప్రాసెసర్ అంటారు. అది చేసే పని చాలా చిన్నది. ఫలానా పొట్టి పేరుకు ఫలానా పొడుగు మాట అని దానికి ముందే చెప్పిపెడతాం. ఆ తర్వాత అది మన ఫైలును మొదటినుంచి చదువుకుంటూ పోయి, పొట్టి పేరు కనబడ్డ ప్రతిచోటా పొడుగు మాట పెడుతుంది. పెట్టి ఊరుకోదు. పెట్టినదాన్ని మళ్లీ చదివి, అందులో ఇంకో పొట్టి పేరు దాక్కుని ఉంటే దాన్నీ విప్పుతుంది. విప్పడానికి ఇంకేమీ మిగలనప్పుడు సాఫు ప్రతిని చేతికిస్తుంది. దాన్ని తీసుకెళ్లి నేను పేజీలో పోసుకుంటాను. దీర్ఘం మార్చాలంటే ఒక్కచోట మారిస్తే చాలు. పొట్టి పేర్లు చెప్పిపెట్టడాన్ని డిఫైన్ చేయడం అంటారు. డిఫైన్ చేశాక అంతా ఫైన్ అనుకున్నాను.

పేర్లు దారికొచ్చాక ఆశ పెరిగి, పద్ధతులను కూడా అందులో ఎక్కించాను. మా దగ్గర కార్డులకు ఒక వరుస ఉంది. పెళ్లికూతురి తండ్రి చనిపోయి ఉంటే ఆయన పేరుకు ముందు కీ॥శే॥ పడుతుంది. అడుగున ‘ఆహ్వానించువారు’ అనే చోట తల్లి పేరు ఒక్కటే వేయరు. మేనమామ దంపతుల పేర్లు వేస్తారు. ఎవరూ ఎక్కడా రాసిపెట్టిన నియమం కాదు. షాపుకొచ్చే ప్రతి ఇంటివాళ్లూ అదే చెప్పేవారు, నేను అదే కొట్టేవాణ్ణి. అందుకని ఫైలులో ఒక వరుస చేర్చాను: కీ॥శే॥ ఉంటే మేనమామను పెట్టు. అప్పటినుంచి వాళ్లకు చెప్పే పనీ, నాకు వినే పనీ తప్పాయి.

ఒక ఎండాకాలం మధ్యాహ్నం కొత్తవాడ నుంచి ఒకావిడ కార్డు రాయించడానికి వచ్చింది. జంపఖానాలు నేసే మనిషి. భర్త చనిపోయేనాటికి బిడ్డ ఇంకా బడికి కూడా వెళ్లడం లేదట. ఇప్పుడు ఆ బిడ్డను సొంత తమ్ముడి కొడుక్కే ఇస్తోంది. తమ్ముడిది కాజీపేటలో రైల్వే ఉద్యోగం, డ్యూటీ దిగి వస్తానన్నాడట. ఆవిడ స్టూలు మీద కూర్చుని ఒక్కొక్క పేరూ చెబుతోంది, నేను కొడుతున్నాను.

మేనరికం కాబట్టి పెళ్లికూతురి మేనమామా, పెళ్లికొడుకు తండ్రీ ఒక్కరే. ఒకే పేరును రెండుసార్లు కొట్టడం దేనికని నా మణికట్టు సలహా ఇచ్చింది. ‘వధువు మేనమామ’ అనేచోట ‘వరుడి తండ్రి’ అని పొట్టి పేరు పెట్టాను. ఇంతలో ఎవరో జిరాక్సుకు వచ్చారు. వాళ్లను పంపి మళ్లీ కూర్చుని ‘వరుడి తండ్రి’ అనేచోట ‘వధువు మేనమామ’ అని పెట్టాను. ఎంటర్ నొక్కాను.

ఏమీ రాలేదు. తెర మీద ఏ కదలికా లేదు. లోపల ఫ్యాను మాత్రం ఎడ్ల బండి ఎత్తెక్కుతున్నట్టు రొద పెట్టింది.

“ఏమాయెనన్నా, ఆగిపాయెనా?” అని అడిగింది ఆవిడ.

“లేదు చెల్లె, ఆలోచిస్తాంది.”

“అయితే అచ్చం మా తమ్ముడే. వాడు గూడ గింతే, జవాబుండదు, రొద ఉంటది.”

ఆ తమ్ముడు అప్పుడే బండి దిగి లోపలికి వచ్చాడు. రొద పెట్టకుండా నెమ్మదిగా వచ్చి నిలబడ్డాడు పాపం. నాకు అప్పటికి సంగతి అర్థమైంది. మేనమామ ఎవరంటే వరుడి తండ్రి, వరుడి తండ్రి ఎవరంటే వధువు మేనమామ. పింఛను కోసం వచ్చిన ముసలాయన్ను ఈ టేబుల్ వాళ్లు ఆ టేబుల్‌కూ, ఆ టేబుల్ వాళ్లు ఈ టేబుల్‌కూ పంపినట్టు యంత్రం రెండు పేర్ల మధ్యా తిరుగుతోంది. ముసలాయనకైతే కాళ్లు నొప్పి పుడతాయి, దీనికి అదీ లేదు. కంట్రోల్, సీ రెండూ కలిపి నొక్కి ఆపాను. బతుకులో నాకున్న కంట్రోల్ అదొక్కటే.

ఒకచోట తమ్ముడి అసలు పేరు కొట్టేసరికి ముడి విడిపోయింది. ఈసారి రెప్పపాటులో కార్డు వచ్చింది. ప్రింటు తీసి ఇచ్చాను. తమ్ముడు కళ్లజోడు పైకి నెట్టుకుని చదివాడు.

“ఇదేందన్నా? పిల్ల దిక్కు పిలిచేటోన్ని నేనే, పిల్లగాని దిక్కు పిలిచేటోన్ని నేనే. ఎదురుకోళ్లప్పుడు నాకు నేనే ఎదురు పోవాల్నా?”

అక్క నవ్వింది. కాగితం లాక్కుని తనూ చూసింది. నవ్వు ఆగింది.

“మరి నా పేరేది?”

“ఉన్నది చెల్లె, ఇగో, బిడ్డ పేరు కింద” అని చూపించాను.

“అది ఎవల బిడ్డో చెప్పెటందుకు. పిలిచేకాడ ఏది?”

నేను తమ్ముడి వైపు చూశాను. ఆయన నా వైపు చూశాడు. మళ్లీ ఇద్దరం ఆ రెండు పేర్లలాగే తయారయ్యాం.

“పద్ధతి గట్ల ఉంటదక్కా” అన్నాడాయన చివరికి. “బావ లేకపాయె. నా పేరు రెండుదిక్కుల బాగుండదు. పెద్దబావ పేరు పెడుదాం, నర్సంపేట ఆయనది. ఫికరుండదు.”

పెద్దబావ అంటే ఆవిడ భర్తకు అన్న.

“తన తమ్ముడు పోయినంక ఆయన నా గడప తొక్కిండా? పిల్లకు జరమొచ్చి దవాఖానల పడ్డప్పుడు వచ్చిండా? ఇయ్యాల కార్డుమీదికి మాత్రం వస్తడా?” అంది ఆవిడ. గొంతు పెంచలేదు. “నేను సాదిన. నేనే పిలుస్త. గట్ల రాయుమను.”

“మనోళ్లు ఏమంటరో ఏమో అక్కా.”

“ఏమన్ననీ.”

తమ్ముడు కాసేపు తల గోక్కుని నా వైపు తిరిగాడు.

“అన్నా, నువ్వు జెప్పు. నీ సిస్టంల గట్ల వస్తదా?”

అడిగిన తీరులోనే జవాబు పెట్టి ఇచ్చాడు. రాదని నేనంటే ఆయన బయటపడతాడు. అక్క మాట కాదన్న పాపం ఆయనది కాదు, కంప్యూటర్‌ది. నిజం చెప్పాలంటే నాకూ ఆ మాట నోట్లో సిద్ధంగా ఉంది. సిస్టం తీసుకోదండీ అనే మాటను ఈ షాపులో ఫ్యానుకంటే ఎక్కువ వాడాను. అది అంటే నా పని కూడా తేలిక. రాసింది ఒక్క వరుసే అయినా ఫైలులో ఆ నియమం ఒక్కచోట లేదు. విప్పిన దాంట్లో విప్పినట్టు నాలుగైదు చోట్లకు పాకి ఉంది. సీజన్ నడుమ దాన్ని కదిలించడమంటే కూలబోయే గోడకు మేకు కొట్టడమే. బయట ఇంకో రెండు కుటుంబాలు చెప్పులు విడిచి ఎదురుచూస్తున్నాయి.

ఆవిడ కూడా నా వైపే చూస్తోంది. బతిమాలే చూపు కాదు. మగ్గం మీద పోగు తెగిందా ఉందా అని చూసే చూపు.

“వస్తది” అన్నాను.

నా గొంతులో వీరత్వమేమీ లేదు. ఆ పూట అబద్ధం ఆడి, దాన్ని నిలబెట్టుకోవడానికి సరిపడా ఓపిక లేదంతే.

తమ్ముడు ఉసూరుమని నర్సంపేటకు ఫోన్ కలిపాడు. ఏదైనా జరిగితే ముందే చెప్పలేదనే మాట రాకూడదని ఆయన భయం. స్పీకర్‌లో పెట్టాడు.

“బావా, కార్డు రాపిస్తానం. అక్క తన పేరే పెట్టుమంటాంది.”

“తన పేరంటే? ఒక్కదే?” అన్నాడు అవతల పెద్దాయన.

“ఒక్కదే.”

“ఆడిమనిషి ఒక్కతి పేరుతోని కార్డు పంచుతరా ఎవలన్న? నేనుండంగ? సూసినోళ్లు నేను గూడ పోయిన్ననుకోరా?”

ఆవిడ ఫోన్ అందుకుంది. “బావా, మీరు మంచిగున్నరని పెండ్లికొచ్చి అందరికీ సూపెట్టున్రి. మొదటి కార్డు మీకే తెస్త. పిలిచేది నేను. వచ్చుడు, రాకపోవుడు మీ ఇష్టం.”

అవతల కట్ అయిన చప్పుడు.

“కట్ చేసిండు” అన్నాడు తమ్ముడు, ముఖం పాలిపోయి.

“సిగ్నల్ పోయిందేమో” అంది అక్క. ఫోన్ తిరిగి ఇచ్చే ముందు మాత్రం దాని తెరను కొంగుతో మళ్లీ మళ్లీ తుడిచింది.

అది తమ్ముడు కూడా చూశాడనుకుంటాను. కాసేపు గుమ్మంలో నిలబడి రోడ్డు మీద ఆటోలను చూశాడు. వెనక్కి వచ్చి, “రాయన్నా” అన్నాడు. “ఎవలన్న అడిగితే నేను జవాబు చెప్త. జర పిల్లగాని దిక్కు మాత్రం నా పేరు మంచిగ పెద్దగ రాయి. ఉన్నది ఒక్కదిక్కేనాయె.”

నేను ఫైలు తెరిచాను. మేనమామను పెట్టమనే వరుసను పక్కకు నెట్టి, ఆహ్వానించువారి చోట శ్రీమతి అని ఆవిడ పేరు కొట్టి, మళ్లీ ఎంటర్ నొక్కాను. వచ్చింది. ప్రింటు తీసిచ్చాను.

ఆవిడ ఒక్కొక్క అక్షరం మీదా వేలు నడిపించి తన పేరు దాకా వచ్చింది. ఆగింది.

“ఈ కొక్కెం ఏందన్నా?”

వంగి చూశాను. ఆ చోటు దంపతుల కోసం తయారుచేసింది కదా. రెండు పేర్ల నడుమ వచ్చే & గుర్తు నేను కొట్టకపోయినా దానంతటదే పడింది. ఆవిడ పేరు, పక్కన &, ఆ పక్కన తెల్ల కాగితం. ఎవరో రావాల్సి ఉన్నట్టుంది.

ఆవిడ ఆ తెల్లచోటును ఇంకాసేపు చూసింది.

“తీసెయ్యన్నా” అంది.

తీసేశాను.

ఆ పెళ్లికి నన్నూ పిలిచింది, వెళ్లాను. నర్సంపేట పెద్దాయన ఫోన్ కట్ చేసినా కార్డు మాత్రం తీసుకున్నాడట. అందరికంటే ముందు వచ్చి, మొదటి వరుసలో ఫ్యాను కింద కూర్చుని, కూరలో ఉప్పు తక్కువైందని పక్కవాళ్లందరికీ చెప్పాడు. ఆయనకు పప్పు ఆవిడే దగ్గరుండి రెండోసారి వడ్డించింది. కార్డు సంగతి నేనున్నంతసేపు ఎవరూ ఎత్తలేదు. ఎత్తితే జవాబు చెబుదామని తమ్ముడు పాపం సిద్ధంగా తిరుగుతూనే ఉన్నాడు.

ఆ వారమే ఫైలు మళ్లీ తెరిచాను. నియమాన్ని తీసేయలేదు. చాలామందికి అదే కావాలి, కాదనడానికి నేనెవర్ని? దాని నెత్తిన ఇంకో వరుస వేశాను. ఇప్పుడు తండ్రి పేరు ముందు కీ॥శే॥ కనబడితే యంత్రం ముందుకు కదలదు. నల్లతెర మీద ‘తల్లిని అడిగావా’ అని ఒక మాట వేసి ఆగిపోతుంది. నేను అడిగి, జవాబు కొడితేనే కార్డు వస్తుంది. పని తగ్గించుకోవడానికి మొదలుపెట్టినదానికి చివరికి పని పెంచడం నేర్పాను. నా తెలివి అంతే.

పిలిచేచోట మీ పేరే పెట్టమంటారా అని అడుగుతూనే ఉన్నాను. చాలామంది ఆలోచించకుండా “మా అన్న పేరే పెట్టున్రి సార్” అంటారు, పెడతాను. కొందరు ఇదేం ప్రశ్న అన్నట్టు చిరాగ్గా చూస్తారు. వాళ్ల చిరాకు నాకు అర్థమవుతుంది, నాకూ ఆ వేళకు మెడ లాగేస్తూ ఉంటుంది. మొన్న తొర్రూరు నుంచి వచ్చినావిడ మాత్రం ఔననీ అనలేదు, కాదనీ అనలేదు. వెంట వచ్చిన అన్నను పోయి చాయ్ తాగి రమ్మంది. ఆయన సందు మలుపు తిరిగేదాకా చూసి, స్టూలు ముందుకు జరుపుకుంది.

“గట్ల గూడ పెట్టొచ్చా?” అని మెల్లగా అడిగింది.