బాలమణి నాతో పెట్టుకున్న తగువు

2021 వేసవిలో, కరోనా రెండోసారి విరుచుకుపడ్డ రోజుల్లో, నాకు పటాన్‌చెరు, గుమ్మడిదల వైపు ఊళ్ల ఫోన్ కౌన్సెలింగ్ అప్పగించారు. అప్పటికి నేను సంగారెడ్డి జిల్లాలో మానసిక ఆరోగ్య విభాగంలో సోషల్ వర్కర్‌ని. డాక్టరు మందు రాస్తారు. ఆ మందు మనిషి మింగుతున్నాడా, నిద్రపోతున్నాడా, ఇంట్లో ఎవరితోనైనా నోరు విప్పుతున్నాడా అని కనుక్కోవడం మా పని. మామూలు రోజుల్లో ఊళ్లకు వెళ్లి, వాళ్ల అరుగు మీద కూర్చుని మాట్లాడేవాళ్లం. ఆ వేసవిలో అంతా ఫోన్లోనే.

ఫోన్ పనికి ఒక పద్ధతి ఉంది. మొదటి ప్రశ్న ఎప్పుడూ ఒకటే: "పక్కన ఎవరూ లేరు కదా?" ఉంటే అవతలికి వెళ్లి మాట్లాడమనాలి. రోగి చెప్పింది ఇంకొకరి చెవిన పడకూడదు. ప్రాణానికి ముప్పు ఉందనిపిస్తే ఇంటివాళ్లను హెచ్చరించవచ్చు, అదీ ముప్పు మేరకే. కారణం చెప్పే అధికారం మాకు లేదు. శిక్షణ తరగతిలో కూర్చుని వింటే ఇదంతా బ్రహ్మాండంగా ఉంటుంది. ఒకే గది, ఒకే ఫోను ఉన్న ఇంట్లో ఎలా చేయాలో మాత్రం ఎవరూ చెప్పలేదు.

మల్లేశం గుమ్మడిదల దగ్గరి పల్లెలో ఉంటూ ఒక మందుల కంపెనీలో పనిచేసేవాడు. మందుల తయారీ గనుక లాక్‌డౌన్‌లోనూ డ్యూటీలు ఆగలేదు. కంపెనీ బస్సు ఆపేయడంతో అతనూ, బామ్మర్ది నర్సింలూ ఒకే బండి మీద వెళ్లేవారు. గేటు దగ్గర నుదుటికి గన్ను పెట్టి జ్వరం చూస్తారు. ఒళ్లు కాలుతుంటే వెనక్కి పంపేస్తారు. అందుకని కార్మికులు ఒక ఉపాయం కనిపెట్టారు. బయల్దేరే ముందు జ్వరం గోలి మింగడం. మల్లేశం కూడా ఎవరికీ చెప్పకుండా గోలి మింగి, నర్సింలును వెనక కూర్చోబెట్టుకుని డ్యూటీకి పోయాడు. అతని జ్వరం తగ్గింది. తర్వాత నర్సింలుకు పట్టుకుంది. ఆసుపత్రికి పోయినవాడు మళ్లీ ఇంటికి రాలేదు. ఆ తర్వాత నిద్ర పట్టడం లేదని మల్లేశం మా డాక్టరుకు చూపించుకున్నాడు, అలా నా ఫోన్ల జాబితాలోకి వచ్చాడు.

ఎవరి నుంచి ఎవరికి వచ్చిందో చెప్పడం ఎవరి తరమూ కాదు. ఆ ప్లాంటులో అప్పటికే చాలామందికి ఉంది. ఈ మాట నేను ఎన్నిసార్లు చెప్పినా మల్లేశం తలకెక్కలేదు. "నేనే తీస్కవోయి సంపిన మేడం" అనేవాడు. భార్య బాలమణికి చెప్పావా అంటే, "సచ్చింది ఆమె తమ్ముడు. చెప్తే ఇగ నా మొఖం జూస్తదా?" అని ఏడ్చేవాడు. తిండి మానేశాడు. "నేను సుత వానెంటే పోత" అనడం మొదలుపెట్టాడు. డాక్టరుకు చెబితే మందు మార్చి, నన్ను రోజూ ఫోన్ చేయమన్నారు. చేశాను.

ఆ ఇంట్లో అది ఎలా కనబడిందో తర్వాత తెలిసింది. రోజూ పొద్దున ఒక ఆడమనిషి ఫోన్. మొగుడు లేచి దొడ్లోకి పోతాడు. అక్కడ గుసగుసలు, ఏడుపు. లోపలికి వచ్చాక ఏమిటంటే ఏమీ లేదంటాడు. ఒకరోజు ఫోన్ బాలమణి ఎత్తి, ఊరికే చెవి దగ్గర పెట్టుకుంది. నేను అలవాటు కొద్దీ అడిగేశాను, పక్కన ఎవరూ లేరు కదా అని. ఫోన్ కట్టయింది. ఆ తర్వాత ఎంత కొట్టినా స్విచ్ఛాఫ్.

నా పైప్రాణాలు పైనే పోయాయి. ఆ ఊరి ఆశా కార్యకర్తను వెంటనే ఇంటికి పంపాను. మనిషి ఉన్నాడు గానీ ఇంట్లో రామరావణ యుద్ధం నడుస్తోందని ఆమె కబురు పెట్టింది. మర్నాడు పొద్దున బాలమణే మా ఆసుపత్రికి దిగింది, బండి మొగుడితోనే నడిపించుకుని.

నన్ను చూసి ఒక్క క్షణం ఆగింది. నెరిసిన జుట్టు, మోకాలికి పట్టీ, రిటైర్మెంటు దగ్గరపడ్డ ఆకారం. ఇంకొకతె అయితే నవ్వి ఊరుకునేది. ఈమెకు మంట ఇంకా ఎక్కువైంది.

"పక్కన ఎవరన్న ఉన్నరా అని అడుగుతవు గదా, ఎవరుంటరు? నేనే ఉంట! నన్ను అవతలికి నూకి మాట్లాడే ముచ్చట ఏంది?"

నాకూ ఒళ్లు మండింది. ఇన్నేళ్ల సర్వీసులో ఇలాంటి మాట పడలేదు. ఆయన మా పేషెంటు అమ్మా, నా వయసేమిటి, నువ్వు అనే మాటేమిటి అన్నాను.

"నీ వయసుతోని నాకేం పని? పెండ్లయినకాడికెల్లి ఈయన కంట్ల నీళ్లు నేను చూడలే. నీకాడ రోజు ఏడుస్తడు. నాకు కడుపు మండదా?"

మల్లేశాన్ని దగ్గరికి పిలిచాను. అతని ఎదుటే, నియమం ఒప్పుకున్నంత మేరకు చెప్పాను. ఈయనకు బతకాలని లేదు, పురుగుమందు గిట్ట ఉంటే ఇంట్లోంచి తీసేయండి, ఒక్కణ్నే వదలకండి అని. ఆమె భయపడుతుందనుకున్నాను. ఆమె గిర్రున మొగుడి వైపు తిరిగింది.

"సావాలె అనుకున్న ముచ్చట సుత ఈమెకే చెప్పినవా?"

మొగుడి చావు మాట కూడా తనకంటే ముందు నేను విన్నానని ఓర్వలేకపోయింది. ఎందుకు చావాలనుకుంటున్నాడని నన్నడిగింది. అది నేను చెప్పకూడదు, ఆయన చెప్పాలి, ఇష్టమైతేనే అన్నాను. మల్లేశం ఆమె వైపు తిరిగి అంతా చెప్పేశాడు. గోలి సంగతి, బండి సంగతి. ఆమె అతని మీద పడుతుందేమోనని నేను లేచి నిలబడ్డాను.

బాలమణి కేకలు పెట్టలేదు. "డబ్బల గోలీలు తక్కువైతే నాకు తెల్వదా? ఆ పొద్దు నీ చెయ్యి తాకితే కాలింది. తెలిసి సుత ఊకున్న. డ్యూటీకి పోకు అనలే. నా తమ్మున్ని నీ బండెక్కకురా అనలే" అంటూ వరండా మెట్టు మీద కూలబడింది. తమ్ముణ్ని తానే పొట్టన పెట్టుకున్నానని ఇన్నాళ్లూ ఆమె లోలోపల కుమిలిపోతోంది. మొగుడికి చెబితే, తెలిసే పంపించావా అని అంటాడని భయం. మల్లేశం వెళ్లి ఆమె పక్కన కూర్చున్నాడు. నేను లోపలికి వెళ్లి డాక్టరుతో మాట్లాడి వచ్చాను.

పోయేముందు బాలమణి నా బల్ల దగ్గరికి వచ్చింది. తప్పయిందని అంటుందేమో అనుకున్నాను. నన్నే నిలదీసింది.

"సచ్చింది నా తమ్ముడు. ఫోన్ ఈయనకు జేస్తివి. నాకెందుకు జెయ్యకపోతివి?"

ఆమె మా రోగి కాదు, ఆమెను మా దగ్గరికి ఎవరూ పంపలేదు. ఆ జవాబు నోటిదాకా వచ్చింది, మింగేశాను. ఒకరోజు అతనికి, ఒకరోజు ఆమెకు ఫోన్ చేస్తానని ఒప్పందం పెట్టుకున్నాను. మొదటిసారి ఆమెతో మాట్లాడుతుంటే వెనక మల్లేశం గొంతు వినబడింది. "గంతసేపు ఏం జెప్తున్నవే? నా ముచ్చటేనా?" బాలమణి అతన్ని కసిరింది. "నీ వంతు నిన్ననే అయ్యింది. ఇయ్యాల నాది."

కొన్ని వారాలకు అతను అన్నం తిన్నాడు, డ్యూటీకి పోయాడు. నాతో మాటలు తగ్గించేశాడు. ఏమడిగినా "ఇంట్ల మాట్లాడుకున్నం మేడం" అనేవాడు. కావలసింది అదే. అయినా నిజం చెప్పొద్దూ, నాకూ ఆమె మీద కొంచెం ఈర్ష్య కలిగింది.

ఆ తర్వాత ఉద్యోగం ఉన్నన్నాళ్లూ, చావు జరిగిన ఏ ఇంటికి ఫోన్ చేసినా, రోగితో మాట్లాడాక ఫోను రెండో మనిషికి ఇమ్మనేదాన్ని. పై నుంచి అలా చేయమని ఎవరూ అనలేదు. బాలమణి అడిగింది, అంతే.