కొండను కాల్చిన నిప్పు ఎవరిది

ఐదేళ్ళుగా ఒక అబద్ధాన్ని మోస్తున్నాను. పెద్దదేమీ కాదు, ఒకే ఒక్క మాట. ఇంట్లో చెప్పలేదు. మా ఊరు మెట్‌పల్లి వెళ్ళినప్పుడల్లా మా చర్చిలో అందరితో కలిసి పాపాలు ఒప్పుకునే ప్రార్థన చదువుతాను. పెదవులు కదులుతాయి గానీ ఇది మాత్రం బయటికి రాదు. మీకెందుకు చెబుతున్నాను? మీరు నన్ను ఎరుగరు కాబట్టి కావచ్చు. నాకే సరిగ్గా తెలియదు.

నేను ఆదిలాబాద్ వైపు అడవిలో బీట్ ఆఫీసర్‌ని. పేరు పెద్దదే గానీ పని రోజూ నడవడమే. ఎక్కడైనా చెట్టు నరికారా చూడటం, ఎండాకాలంలో జంతువుల తొట్లలో నీళ్ళు పోయించడం, ఆదివారాలు కొండ మీది వ్యూపాయింట్ చూడటానికి వచ్చే జనాన్ని బాట తప్పకుండా తీసుకెళ్ళడం, వాళ్ళు పారేసిన ప్లాస్టిక్ సీసాలు ఏరడం. చలి తగ్గగానే ఫైర్ లైన్ల పని ఉంటుంది. అంటే అడవికి అడ్డంగా ఒక పట్టీ మేర రాలిన ఆకును మేమే ముందుగా కాల్చేస్తాం, ఆ తర్వాత ఎక్కడ నిప్పు పుట్టినా ఆ పట్టీ దాటి రాకుండా. పొద్దున్నే ఆకు మీద మంచు తడి ఉండగా, నలుగురం కలిసి కాల్చాలి. గాలి లేస్తే ఆపేయాలి.

ఇదంతా నాకు తెలుసు. తెలిసే, ఐదేళ్ళ కిందట ఒకరోజు పగలు పదకొండు గంటలకు, ఒక్కదాన్నే, అగ్గిపుల్ల గీశాను.

ఎందుకు? మర్నాడు పెద్ద అధికారి తనిఖీకి వస్తున్నారు. కొండకు పడమర అడుగున కాల్చాల్సిన పట్టీలో ఒక ముక్క మిగిలిపోయింది. నాతో పనిచేసే వాచర్లందరూ నీళ్ళ ట్యాంకర్ వెంట వెళ్ళారు. ఇవన్నీ నిజాలే, కానీ ఇవే కారణాలా? ఆడపిల్లకు అడవి ఉద్యోగమేంటని నవ్విన వాళ్ళకు, ఒక్కదాన్నే పని ముగించి చూపించాలనుకున్నానా? లేక ఏమీ ఆలోచించలేదా? ఎన్నిసార్లు వెనక్కి వెళ్ళి చూసినా ఆ అగ్గిపుల్ల పట్టుకున్న మనిషి మనసులో ఏముందో నాకు కనిపించదు.

సుడిగాలి వచ్చింది. మండుతున్న టేకాకు ఒకటి లేచి, పట్టీ దాటి, ఎండు గడ్డిలో పడింది. పచ్చి కొమ్మ విరిచి కొట్టాను. ఇక్కడ ఆర్పితే అక్కడ లేచింది. ఫోన్‌కు సిగ్నల్ లేదు. రోడ్డు దాకా పరుగెత్తి మనుషుల్ని పిలుచుకొచ్చేసరికి మంట శిఖరం దాటి అవతలి వాలులోకి దిగింది.

ఆ వాలు అడుగున మారుబాయి ఉంది. పక్క గూడెం గోండు మనిషి, అరవై దాటిన ఒంటరి ఆడది. అక్కడున్న ఒక ఇప్పచెట్టు ఆమెది. రాలిన పూలు కనబడాలని ఈ ప్రాంతంలో చెట్ల కింద ఆకులు కాలుస్తారు. ఆమె కూడా ఆ పొద్దున కాల్చింది. వాగుకు వెళ్ళి వచ్చేసరికి పైనుంచి మంట దిగుతోంది. మేం చేరేటప్పటికే ఆమె తడి చీర కొంగుతో మంటను బాదుతోంది. జుట్టు కమిలింది. అరచేతులు బొబ్బలెక్కాయి. సాయంత్రానికి ఆ చెట్టుకు కొంచెం పైన, బండల వరస దగ్గర, నిప్పు ఆగింది.

రేంజర్ సార్ వచ్చారు. మసిబారిన మా ముఖాలు చూసి, "ఎవరు ముట్టించిన్రు?" అని అడిగారు.

నేను నోరు తెరిచాను. నిజమే చెప్పబోయానని ఐదేళ్ళుగా నాకు నేను చెప్పుకుంటున్నాను. చెప్పేదాన్నేనా?

"నేనే సారు," అంది మారుబాయి. "పొద్దుగాల చెట్టు కింద ఆకు కాలవెట్టిన. ఆరిందనుకొని వాగుకు పోయిన. గాలికి నిప్పు పైకి పాకి మళ్ళ దిగినట్టుంది. నాదే తప్పైంది."

సార్ నా వైపు తిరిగారు. "మొదాలు నువ్వే చూసినవ్ గదా. గీమె చెట్టు దిక్కునుంచే వచ్చిందా?"

"అటునుంచే వచ్చింది సార్."

అదీ ఆ మాట.

ఒప్పుకున్న మనిషి ఎదురుగా ఉన్నాక ఆ చెట్టు దాకా వెళ్ళి చూసేదెవరు? ఒక కాగితం రాసి ఆమె వేలిముద్ర తీసుకున్నారు. బొబ్బలెక్కిన వేలు. ఆ పక్క నిలబడి సిరా పెట్టె పట్టుకున్నది నేనే.

ఆ వారమంతా నన్ను నేను నమ్మించుకున్నాను. ఏమో, ఆమె నిప్పు కూడా పైకి పాకిందేమో, రెండూ కలిశాయేమో, ఎవరికి తెలుసు? ఆ అనుమానం చాటున తలదాచుకున్నాను. వారం తర్వాత ఒక్కదాన్నే వెళ్ళి చూశాను. ఇప్పచెట్టు చుట్టూ మూరెడు వెడల్పున నేల శుభ్రంగా ఊడ్చి ఉంది. కాలింది దాని లోపలే. బయట ఎండుటాకులు రాలినవి రాలినట్టే ఉన్నాయి. ఆమె తన ఫైర్ లైన్ నాకంటే బాగా వేసుకుంది. చాలాసేపు అక్కడే కూర్చున్నాను. తర్వాత లేచి వచ్చేశాను. ఎవరికీ చెప్పలేదు. వానలకు ఆ గుర్తు కూడా పోయింది.

ఆ ఏడు ఆ కొండ మీద గూడెం వాళ్ళెవరినీ మా శాఖ పూలు ఏరుకోనివ్వలేదు. అందరూ మారుబాయినే తిట్టారు. అడవికి వెళ్ళేటప్పుడు ఆడవాళ్ళు ఆమెను పిలవడం మానేశారు. ఆమె మాత్రం నేను ఎదురైనప్పుడల్లా, "నా వల్ల నీకు పరేషాన్ అయింది బిడ్డా," అనేది. నేను తల ఊపేదాన్ని. అది ఎలాంటి ఊపో నాకే తెలియదు.

ఇంకొకటి. వ్యూపాయింట్‌కు వచ్చేవాళ్ళకు నల్లబడిన మొద్దులు చూపించి జాగ్రత్తలు చెప్పాలి కదా. "పూల కోసం ఒకామె పెట్టిన నిప్పు," అని చెప్పడం నాకు అలవాటైపోయింది. "చదువు లేనోళ్ళు కదా మేడం," అనేవారు కొందరు. ఎన్ని ఆదివారాలు అలా చెప్పానో. చెప్పగా చెప్పగా కొన్నాళ్ళు నేనే నమ్మాను.

పోయిన ఆదివారం కరీంనగర్ నుంచి వచ్చిన పదిమందికి అదే చెబుతున్నాను. కట్టెల మోపుతో మారుబాయి ఆ బాటనే వస్తోంది. నా మాటలు విని మోపు దించింది. వాళ్ళ ముందు చేతులు జోడించింది. "గా ఆడిదాన్ని నేనే అయ్యా. మీరు గట్ల చేయకుండ్రి," అంది. ఎవరో ఆమెను ఫొటో తీశారు.

వాళ్ళు కిందికి దిగిపోయాక బాట మీద ఆమె, నేను మిగిలాం. చెప్పాలని నిర్ణయించుకున్నట్టు గుర్తులేదు.

"అవ్వా, ఆ నిప్పు నీది కాదు. నాది. నీ చెట్టు దగ్గర చూసి వచ్చిన నేను. నాకు తెలుసు."

ఆమె నన్ను చూసింది. "గట్లనా," అంది. అంతే. మోపు ఎత్తేటప్పుడు ఎప్పుడూ "జర చెయ్యి వెయ్యి బిడ్డా" అనేది. ఆ రోజు అనలేదు. నేను పట్టబోతే పక్కకు జరిగింది. మోపును మోకాలి మీదికి, మోకాలి నుంచి భుజం మీదికి, అక్కడినుంచి నెత్తి మీదికి ఒక్కతే ఎత్తుకుని, వెనక్కి తిరగకుండా గూడెం వైపు నడిచింది.

ఆమె నమ్మిందో లేదో తెలియదు. కోపమో, అలసటో, అదీ తెలియదు. రేంజర్ సార్‌కు ఇవ్వాల్సిన కాగితం రాశాను, రేపు ఇస్తాను. గూడేనికీ వెళ్ళి అందరి ముందు చెప్పాలి. వాళ్ళేమంటారో, ఉద్యోగం ఉంటుందో ఊడుతుందో ఏమీ తోచడం లేదు. కానీ ఆ మాట నా నోటినుంచి బయటికి వచ్చింది. పట్టపగలు, ఆ కొండ మీదే, ఆమె చెవిన పడేలా. ఇప్పుడు మీరూ విన్నారు.