చల్లటి ఇంజన్‌ను నమ్మని మస్తాన్ గారు

మొన్న తాడేపల్లిగూడెంలో రైల్వే గేటు దగ్గర ఒక పాత కారు ఆగిపోయింది. బానెట్ ఎత్తగానే వేడెక్కిన తారూ పెట్రోలూ కలిసిన వాసన గుప్పుమంది. వెనకసీట్లో పెద్దమనిషి అప్పుడే డ్రైవరును తగులుకున్నాడు, "ఏం చేశావయ్యా?" అని. ఆ వాసనకు నాకు మస్తాన్ గారు గుర్తొచ్చారు. ఏలూరులో కాలవ గట్టున ఆయనకు ఇంజన్లు బాగుచేసే షెడ్డు ఉండేది. ఆయనంత అనుమానపు మనిషిని నేను మళ్లీ చూడలేదు. టీ వేడిగా ఉందని కొట్టువాడు చెబితే గ్లాసు ముట్టుకుని చూసిగాని ఒప్పుకునేవారు కాదు. నేనూ తక్కువదాన్నేం కాదు. ఇంట్లో పాలు పొంగితే మంట పెంచిందెవరా అని అందరి మొహాలూ చూసే రకాన్ని. అందుకేనేమో మొదట్లో మా ఇద్దరికీ అస్సలు పడలేదు.

మాది కొల్లేటి లంక గ్రామం. నేను డిగ్రీ ముగించి ఇంటిపట్టున ఉన్న రోజుల్లో, మా నాన్న బోటు మీద జనాన్ని కొల్లేటికోట పెద్దింట్లమ్మ గుడికి చేరవేసేవారు. అందరూ డీజిల్ ఇంజన్లు పెట్టుకుంటుంటే ఆయన మాత్రం ముచ్చటపడి ఓ పాత కారు పెట్రోలు ఇంజన్ను బోటు కడుపులో బిగించారు. నడిపేవాడు సింహాచలం. నెమ్మదస్తుడు, మాట తక్కువ. కిక్కిస గడ్డి దుబ్బుల మధ్య దారి కళ్లు మూసుకుని చెప్పగలడు. అలాంటివాడి చేతిలో ఆ ఏడాది బోటు సరస్సు మధ్యలో ఆగిపోవడం మొదలుపెట్టింది. కాసేపు ఆగి మళ్లీ ప్రయత్నిస్తే ఏమీ ఎరగనట్టు స్టార్టయ్యేది. ఈలోగా వెనక వచ్చే ఇంకో బోటులోకి మా జనం ఎక్కేసేవారు. ఆ బోటు సింహాచలం బావమరిదిది. ఇంకేం కావాలి? బావమరిదికి బేరం తగలాలని ఆపేదీ అతనే, మళ్లీ నడిపించేదీ అతనే అన్నారు ఊళ్లో. నీళ్ల మీద బోటు నడిపేవాడి మీద ఆ మాట పడితే మళ్లీ ఎవరూ బోటు అప్పగించరు. అతనికి వేరే పని రాదు.

నాన్న మస్తాన్ గారిని పిలిపించారు. ఆయన రేవులో కూర్చుని పెట్రోలు గాజుసీసాలో పట్టి, అడుగున నీళ్లు చేరతాయేమోనని చూశారు. చేరలేదు. ప్లగ్గు ఊడదీసి ఇంజన్ ఇనుముకు ఆనించి సెల్ఫ్ కొట్టమన్నారు. నీలంగా స్పార్కు పడింది. మధ్యమధ్య సింహాచలంతో కలిసి టీ తాగారు. అది చూసి నాకు ఒళ్లు మండింది. ఇద్దరూ ఒకటేనని రూఢి చేసుకుని ఆయన పక్కనే కూర్చుని చేతుల వంకే చూస్తున్నాను.

"ఏమ్మా, నేను ఏదన్నా పీకేస్తానని చూస్తన్నావా?" అన్నారాయన తలెత్తకుండానే.

"అదేం లేదండీ."

"లేకపోతే ఎలాగమ్మా? చూడు. బాగా చూడు. నన్ను నమ్మకు, స్పార్కుని చూడు."

సాయంత్రానికి ఊరి పెద్దాయన వచ్చి నిలబడ్డారు. "ఏవండీ మస్తాన్ గారూ, ఇంజన్లో లోపం లేదంటారు. అయితే ఇహ మిగిలింది మనిషే కదండీ?"

"లోపం లేదని నేననలేదండి. నాకు కనబడలేదన్నాను. రేవులో కూర్చున్న చల్లటి ఇంజన్ ఏం చెబుతుందండీ?"

"పోనీ ఈ సింహాచలం మంచోడేనంటారా?"

"అదీ అనలేదండి. అతని సంగతి నాకేం తెలుసు?"

అలా రెండువైపులా మాట ఇవ్వకపోయేసరికి పెద్దాయనకు విసుగొచ్చింది. సింహాచలం తడిబట్టలతో అమ్మవారి ముందు ప్రమాణం చెయ్యాలని తేల్చేశారు. నాన్న అడ్డు చెప్పలేదు. మస్తాన్ గారు మాత్రం నాన్నను ఒక్కటే అడిగారు. "ప్రమాణానికి ఈ బోటులోనే తీసుకెళ్లండి. నడిపేది మీరే. అతన్ని ముందు కూర్చోబెట్టండి, ఇంజన్ దగ్గరికి రానివ్వకండి. నేనూ వస్తానండి." ఈయనకెందుకు అంత ఆరాటం అని నాకు మళ్లీ అనుమానం.

మర్నాడు పొద్దున పెద్దాయనతో సహా బయల్దేరాం. నేను మస్తాన్ గారి సంచీకి ఎదురుగా కూర్చున్నాను. నాన్న చుక్కాని పట్టారు. సింహాచలం బోటు ముందుభాగాన, మోకాళ్ల మీద చేతులు పెట్టుకుని కూర్చున్నాడు. ఎండెక్కింది. నీటి మీద అల్లుకున్న గుర్రపుడెక్క దాటి నిండు నీళ్లలోకి వచ్చాక ఇంజన్ రెండుసార్లు దగ్గి ఆగిపోయింది.

మస్తాన్ గారి మొహం వెలిగిపోయింది. నిజంగా పండగొచ్చినట్టే కదిలారు. ప్లగ్గు తీసి ఇనుముకు ఆనించి, "చూసి చెప్పమ్మా" అన్నారు. నాన్న సెల్ఫ్ కొట్టారు.

"లేదండీ. స్పార్కు లేదండీ."

ప్లగ్గుకు కరెంటు పెంచి ఇచ్చే కాయిల్ మీద ఆయన వేలు పెట్టి చటుక్కున తీసేశారు. తువ్వాలు కొల్లేట్లో ముంచి దానికి చుట్టారు. కాసేపటికి స్పార్కు పడింది. "లోపల తీగ తెగుంటుందమ్మా. చల్లగా ఉన్నప్పుడు అంటుకుంటుంది, వేడెక్కితే విడిపోద్ది."

"ఊరికే ఆగినా చల్లారేదే కదండీ? కాయిలేనని ఎలా తెలుస్తుంది?" అన్నాను.

ఆయన నన్ను మొదటిసారి ఇష్టంగా చూశారు. "అదీ అడగాల్సింది!" అని సంచీలోంచి ఇంకో కాయిల్ తీసి బిగించారు. మిగిలినవేవీ ముట్టుకోలేదు. అక్కణ్ణుంచి గుడి రేవు దాకా, అక్కడ ఎండలో నిలబెట్టి ఎంతసేపు తిప్పినా, ఇంజన్ ఆగలేదు.

పెద్దాయన నవ్వేశారు. "ఇంక ప్రమాణం అక్కర్లేదురా సింహాచలం. పద, వెనక్కి పోదాం."

సింహాచలం నీళ్లలోకి దిగి మునిగి, తడిబట్టలతో గుళ్లోకి నడిచాడు. అమ్మవారి ముందు ఎవరూ అడగకుండానే, తాను ఏ పాపం ఎరగనని గట్టిగా చెప్పాడు. బయటకొచ్చాక నాన్న అతని భుజం మీద చెయ్యి వేసి, "చుక్కాని పట్టరా" అన్నారు.

"నాకొద్దండి."

"అదేంట్రా? తప్పు కాయిల్‌దని తేలిపోయిందిగా?"

"నేను ముందెక్కడో కూర్చున్నానండి. ఇంజన్ను ముట్టుకోలేదు. అయినా అది ఆగగానే మీరంతా నా మొహమే చూశారండి."

నాన్న చెయ్యి దానంతటదే కిందికి జారింది. సింహాచలం, మా వెనకే రేవుకొచ్చిన బావమరిది బోటులో ఇంటికెళ్లాడు. మా బోటు మళ్లీ ఎక్కలేదు.

తిరుగు ప్రయాణంలో మస్తాన్ గారు, ఇంజన్ చప్పుడులో నాకు మాత్రమే వినబడేట్టు అన్నారు. "ఇంజన్ని ఎంత అనుమానించినా దానికి బాధుండదమ్మా."

ఆ తర్వాత చాలాసార్లు ఏలూరు వెళ్లి ఆయన షెడ్డులో కూర్చున్నాను. అనుమానించడం మానమని ఆయన ఏనాడూ చెప్పలేదు. చెప్పినా నాకు చేతకాదు. ఇప్పుడు నేనొక రైస్ మిల్లులో మేనేజరును. తూకం తేడా వచ్చిందంటే అందరి తలలూ ఎవడో ఒక హమాలీ వైపు తిరుగుతాయి. ఆయన దగ్గర ఇంత నేర్చుకున్నాక కూడా నా తలా అటే తిరుగుతుంది. దాన్ని బలవంతంగా కాటా వైపు తిప్పుకుంటాను. కాని ఈలోగా ఆ హమాలీ నన్ను చూసేసి ఉంటాడు.