శుక్రవారం కడిగిన స్పాంజి

మా పైవాటాలోని అక్క హోసూరు వదిలి వెళ్లిపోతోందని తెలిసినప్పుడు నాకు మొదట గుర్తొచ్చింది ఆమె చేప. అరచేయంత బంగారు చేప. భర్త రాత్రి షిఫ్టులకు పోయినన్నాళ్లూ ఆమెకు ఇంట్లో మాటామంతీ దానితోనే. ఇప్పుడు ఆయనకు పూణెకు బదిలీ అయింది. అంత దూరం బకెట్లో కుదిపి తీసుకుపోతే బతకదని ఆమె బెంగ.

"నాకిచ్చి పోక్కా, నేను సాకుతాను" అన్నాను.

అనడమైతే అన్నాను. తొట్టి కొని, నీళ్లు పోసి, చేపను వదిలితే సరిపోతుందనుకున్నాను. నేను బడికి పోయినదాన్ని కాదు. మా అమ్మ వంటింట్లో పలక పెట్టి నేర్పిన అక్షరాలే నా చదువు. తెలియనిది అడగడానికి సిగ్గుపడొద్దని కూడా ఆమే నేర్పింది. ఆ మాటకు ఇప్పటికీ మనసులో దండం పెట్టుకుంటాను. అందుకే బాగలూరు రోడ్డులో తొట్టి కొన్నప్పుడే అంగడాయన్ను అడిగాను.

"చేపను ఇప్పుడే యేయొద్దమ్మా" అన్నాడాయన. "చేప పెంటలోంచి విషం పుడతాది. దాన్ని తినే సూక్ష్మజీవులు ముందు పెరగాల. మేత కుళ్లినా అదే విషం పుడతాది, అందుకని దినామూ చిటికెడు యేసి, నీళ్లు వడగట్టే స్పాంజి మోటారు ఆడిస్తా ఉండు. ఈ సీసాలో కాసిన్ని తొట్టి నీళ్లు పట్టి, ఈ మందు చుక్కలు కలిపి చూడు. ఆకుపచ్చగా మారితే విషం ఉండాదని. పసుపు రంగొస్తే లేదని."

పసుపు రంగు మంచిదనగానే నాకు ధైర్యం వచ్చింది.

పొద్దున దీపం పెట్టి, ఆ చేత్తోనే ఖాళీ తొట్టిలో మేత చల్లేదాన్ని. మా అత్త కాఫీ లోటాతో పక్కనే నిలబడేది.

"ఏమ్మా, చేపే లేదే, ఎవురికి యేస్తా ఉండావు?"

"కంటికి కనపడనివాళ్లకు అత్తా."

"ఓహో, నైవేద్యమా! మాకేమన్నా ప్రసాదం మిగిలిస్తావా లేదా?"

సాయంత్రం సూళగిరి ఫ్యాక్టరీ నుంచి వచ్చిన మా ఆయన తొట్టిలోకి వంగి చూసి, "ఈ పొద్దు ఎంతమంది పుట్టినారు?" అని అడిగేవాడు. నేనూ నవ్వేదాన్ని. ఇంట్లో ఇట్లా నవ్వుకోనిచ్చేవాళ్లు ఉండడం కూడా భగవంతుని దయే.

అయితే నీళ్లు మాత్రం పసుపుకు తిరగలేదు. ఒకోసారి ఆకుపచ్చ కాస్త పలచబడేది, మళ్లీ చిక్కనయ్యేది. అక్క వాళ్లు అమావాస్య పోయాక మంచిరోజు చూసి లారీ చెప్పారు. రోజులు దగ్గరపడుతున్నాయి. చేపను ఆ నీళ్లలో ఎట్లా వదలను? పూజలో కూర్చున్నా నా కళ్లు తొట్టి వైపే పోయేవి.

ఒక శుక్రవారం మధ్యాహ్నం అక్క చూడడానికి దిగి వచ్చింది. అప్పటికి నేను ఇల్లంతా కడిగి, గడపకు పసుపు రాసి, పూజ సామాను తోమి బోర్లించాను. వాటి పక్కనే ఎండలో మోటారు స్పాంజి ఆరుతోంది.

"అదేంది ఈడ ఆరేసినావు?"

"ప్రతి శుక్రవారం కడుగుతాను గదక్కా. చూడు, ఎంత తెల్లగా ఉండాదో! కుళాయి కింద పెట్టి, మురికి పొయ్యేదాకా పిండినాను."

అక్క తల పట్టుకుని మెట్ల మీద కూర్చుంది. "అయ్యో తల్లీ! నువ్వు పెంచేవాళ్లంతా దాంట్లోనే గదా కాపురముండేది! వారమంతా మేపి, శుక్రవారం శుక్రవారం చంపేస్తా ఉండావే! కుళాయి నీళ్లల్లో పురుగుల్ని చంపే మందు వేరే ఉంటాది."

మా అత్త పడీ పడీ నవ్వింది. "ఆచారమంటే ఆచారమే మా కోడలికి! పురుగును కూడా తలంటి పోసి పంపిస్తాది."

నేను నవ్వలేకపోయాను. "ఇప్పుడెట్లక్కా? నీ చేప?"

అక్క లేచి పైకి పోయింది. తిరిగి వచ్చేటప్పుడు ఆమె చేతిలో గిన్నె, గిన్నెలో తన చేప తొట్టి నీళ్లు, ఆ నీళ్లలో ఆ తొట్టి మోటారులోంచి తీసి సగానికి కోసిన నల్లటి, జిగట స్పాంజి. నేను అడుగు వెనక్కి వేశాను. ఇల్లు కడిగిన శుక్రవారం, దేవుని గూటికి ఎదురుగా, అదా?

"పెరుగుకు తోడు యెయ్యవా? పక్కింటి మజ్జిగ తెచ్చి యెయ్యవా?" అంది మా అత్త. "ఇదీ అంతే అనుకో. కానియ్యి."

ఆ పోలిక నాకు బాగా అందింది. తోడుగిన్నెను పట్టుకున్నంత పదిలంగా ఆ స్పాంజిని అందుకుని మోటారులో పెట్టాను. ఆ తరవాత దాని జోలికి పోలేదు. రోజురోజుకీ సీసాలో ఆకుపచ్చ విరిగిపోతూ వచ్చింది. లారీ వచ్చిన పొద్దున చుక్కలు కలిపి చూస్తే లేత పసుపు, మా గడప మీది పసుపంత శుభ్రంగా. కంటికి కనపడని ఆ జీవులన్నిటికీ చేతులు జోడించాను.

సామానంతా ఎక్కించాక అక్క చేపను తానే తెచ్చి వదిలింది. అది మూలకు పోయి బిగుసుకుంది. అక్క చిన్న మేత గుళిక ఒకటి వేసింది. చేప కదల్లేదు. వీధిలో లారీ హారను మోగింది.

"పోదాం రా, పొద్దెక్కతా ఉండాది!" అని ఆమె భర్త కేక.

"ఉండండి. అదింకా తినలే."

ముగ్గురం ఆడవాళ్లం తొట్టి మీదికి వంగి నిలబడ్డాం. చేప మెల్లగా తోక ఆడించింది, పైకి వచ్చింది, గుళికను నోట్లోకి లాక్కుంది. ఉమ్మేసింది. మళ్లీ లాక్కుని మింగేసింది.

అక్క తొట్టి అద్దం మీద చెయ్యి ఆనించి, "పోయొస్తాను" అంది. మాతో కాదు, దానితోనే. మాకు చెప్పడం మరిచిపోయి గబగబా దిగి వెళ్లిపోయింది.