జాంబియా తుపాకీ

పెదనాన్న పోయారని ఆస్పత్రి నుంచి అమ్మ ఫోన్ చేసేసరికి నేను గవర్నర్‌పేటలో మా ఆఫీసు మెట్లు దిగుతున్నాను. ఆటో ఎక్కి భవానీపురం చేరేలోపు ముగ్గురు చుట్టాలు ఫోన్ చేశారు. ముగ్గురూ "అయ్యో" అన్నారు, ఎప్పుడు తీసుకెళ్తారని అడిగారు, ఆఖర్న గొంతు తగ్గించి "మరి ఆ తుపాకీ సంగతేంటమ్మా?" అన్నారు. జీవితమంతా పిల్లలకి లెక్కలు చెప్పిన మనిషి పోతే జనానికి గుర్తొచ్చింది తుపాకీ. నాకు ఒళ్లు మండింది. కానీ అబద్ధమెందుకు, నాకూ ముందు అదే గుర్తొచ్చింది.

ఆయన మా నాన్నకి అన్న. పెళ్లి చేసుకోలేదు. జాంబియాలో ఒక హైస్కూల్లో లెక్కల మాస్టారుగా పనిచేసేవారు. సెలవులకి వచ్చినప్పుడల్లా నన్ను ఎదురుగా కూర్చోబెట్టుకుని లెక్కలు చేయించేవారు. జవాబు సరిగ్గా వచ్చినా మధ్యలో ఒక స్టెప్పు ఎగరగొడితే మొత్తం కొట్టేసేవారు. "జవాబు ఎవడైనా తెస్తాడమ్మాయ్, దారి చూపించు" అనేవారు. మామిడిపండు కోస్తే ముక్కలు మా అందరికీ పంచి టెంక తాను తీసుకునేవారు. ఎవరు ఏం అడిగినా వెంటనే బదులు చెప్పేవారు కాదు. ఆయన ఆలోచిస్తూ ఉంటే పక్కన కాఫీ చల్లారిపోయేది.

ఆయన అక్కడ ఉండగానే ఇక్కడ మా నాన్నని చంపేశారు. కైకలూరు వైపు ఒక చేపల చెరువు లీజు దగ్గర మొదలైన గొడవ. పట్టపగలు గట్టు మీద నరికారు. నరికినవాళ్లు కూలికి వచ్చినవాళ్లు, చేయించింది ఎవరో ఊరందరికీ తెలుసు. అతని పేరు నా నోట రాదు, ఇంట్లో మేమందరం చెరువులాయన అనే అనేవాళ్లం. కోర్టులో సాక్షులు ఒక్కొక్కరే మాట మార్చారు, కేసు కొట్టేశారు. చెరువులాయన బెజవాడ వచ్చి మా పేటలోనే, మాకు రెండు వీధుల అవతల మేడ కట్టుకున్నాడు.

నాన్న కర్మలకి పెదనాన్న వచ్చి, అక్కడి ఉద్యోగ ఒప్పందం ఇంకా మిగిలి ఉందని తిరిగి వెళ్లారు. ఆ తర్వాత ఒకసారి ఫోన్లో నాయనమ్మ "ఒరేయ్ పెద్దోడా, ఈసారి వచ్చేటప్పుడు ఉత్త చేతుల్తో రాకు" అంది. ఆవిడ ఇంకేం అనలేదు.

అక్కడి పోలీసుల దగ్గర పర్మిట్ తీసుకుని, లూసాకాలో ఒక దుకాణంలో డబుల్ బారెల్ తుపాకీ కొన్నారాయన. విదేశంలో ఏళ్ల తరబడి ఉండి ఇంటికి తిరిగొచ్చేవాళ్లు తమ సొంత తుపాకీ ఒకటి వెంట తెచ్చుకోవచ్చట. కాకపోతే అది కొంతకాలం అక్కడ తమ వాడకంలో ఉండి ఉండాలి. ఇక్కడ లైసెన్సు ఉండాలి. తెచ్చాక ఏళ్ల దాకా అమ్మకూడదు, ఎవరికీ ఇవ్వకూడదు. ఆ కొంతకాలమూ పెదనాన్న ఓపిగ్గా గడిపారు. తర్వాత ఉద్యోగం మానేసి వచ్చి, బొంబాయి విమానాశ్రయంలో తనంతట తానే కస్టమ్స్ బల్ల దగ్గరికి వెళ్లి "నా సామానులో తుపాకీ ఉందండీ" అని చెప్పారు. లైసెన్సు చూపించేదాకా అది వాళ్ల దగ్గరే ఉండిపోయింది.

ఆ లైసెన్సు కోసం ఆయన చెప్పులరిగేలా తిరిగారు. విచారణకి ఇంటికొచ్చిన ఎస్సై "తుపాకీ ఎందుకు మాస్టారూ?" అని అడిగితే "తమ్ముణ్ణి చంపారండీ. ఇంట్లో ఆడవాళ్లున్నారు, భయంగా ఉంది" అన్నారు. అందులో అబద్ధం లేదు. చెప్పకుండా మింగిన మాట మాత్రం ఒకటుంది. మా బంధువొకాయన మా అరుగు మీదే కూర్చుని నవ్వాడు. "అడిగితే నాటు తుపాకీ వారంలో తెచ్చిచ్చేవాళ్లున్నారు బావా. చంపడానికి కూడా ఇన్ని సంతకాలా?" అన్నాడు. పెదనాన్న ఎప్పట్లాగే ఆలోచించి "దారి చూపించాలి కదా" అన్నారు. ఆ తర్వాత ఎవరికీ నవ్వు రాలేదు.

లైసెన్సు చేతికొచ్చాక మళ్లీ బొంబాయి వెళ్లి, సుంకం కట్టి, తుపాకీని రైల్లో తెచ్చారు. గుమ్మంలో నాయనమ్మ దానికి దిష్టి తీసింది.

తడి తగిలితే ఆ రోజే తుడిచి నూనె పెట్టాలని లూసాకా దుకాణంలో ముసలాయన మరీ మరీ చెప్పి పంపాడట. మా నాయనమ్మ అవేం పట్టించుకునే మనిషి కాదు. దసరాకి కత్తిపీట, కుట్టుమిషను, పెదనాన్న స్కూటరు, వాటి పక్కన తుపాకీ. అన్నిటికీ పసుపు రాసి, కుంకుమ బొట్లు పెట్టి, కొబ్బరికాయ కొట్టి, ఆ నీళ్లు తుపాకీ మీద ధారగా పోసేది. పోస్తూ "ఈ ఏడన్నా" అనేది. ఈ ఏడు ఏం కావాలో చెప్పేది కాదు. చెప్పక్కర్లేదు కూడా. ఆ సాయంత్రమే పెదనాన్న వరండాలో పాత పంచె పరుచుకుని, తుపాకీని కీలు దగ్గర వంచి తెరిచి, గొట్టాల్లోకి కడ్డీతో గుడ్డ దూర్చి, ఒక్క ఎర్ర మరక కూడా లేకుండా తుడిచేవారు. ఏడాదికేడాది అంతే. ఆవిడ పెట్టడం, ఈయన తుడవడం.

ఎన్నికలు వచ్చినప్పుడల్లా లైసెన్సు ఉన్నవాళ్లందరూ తుపాకులు స్టేషన్లో అప్పగించాలి. నేను కాలేజీలో చదివే రోజుల్లో ఒక ఏడు మండువేసవిలో ఎన్నికలు వచ్చాయి. పెదనాన్నకి అప్పటికే షుగరు, అందుకని తోడుగా నేను వెళ్లాను. తూటాలు నా హ్యాండ్‌బ్యాగులో, గుడ్డ సంచిలో చుట్టిన తుపాకీ ఆయన చేతిలో. రెండూ ఒకరే పట్టుకోకూడదనేది ఆయన నియమం. స్టేషన్ వరండాలో వరసగా జనం, అందరి చేతుల్లోనూ తుపాకులే. మా ముందున్న మనిషి వెనక్కి తిరిగాడు. చెరువులాయన. కేసు పోయాక లైసెన్సు మళ్లీ తెచ్చుకున్నాడని మాకు తెలీదు.

"ఫారిన్‌దాండీ మాస్టారూ?" అన్నాడు, సంచిలోంచి బయటికి కనిపిస్తున్న తుపాకీ వైపు చూస్తూ.

పెదనాన్న ఎడమ చెయ్యి మెల్లగా వచ్చి నా బ్యాగు మీద ఆగింది. నాకు అర్థమైంది. నేను జిప్పు తియ్యలేదు, బ్యాగు వెనక్కీ లాక్కోలేదు. మా నాన్న మొహం గుర్తుతెచ్చుకోవాలని చూశాను, రాలేదు. పెదనాన్న మొహమంతా చెమట. నిలబడ్డచోటే తూలారు.

"అయ్యయ్యో, వడ కొట్టినట్టుందండీ. కూర్చోండి మాస్టారూ, ముందు కూర్చోండి" అంటూ చెరువులాయనే ఆయన భుజం పట్టుకుని బల్ల మీద కూర్చోబెట్టాడు. తన సీసా మూత తీసి చేతికిచ్చాడు. "మంచినీళ్లు తాగండి."

పెదనాన్న ఆ సీసా కేసి చూశారు. ఎంతసేపు చూశారో చెప్పలేను. తర్వాత గటగటా తాగి, మూత పెట్టి తిరిగిచ్చి, "థాంక్సండీ" అన్నారు.

నేనైతే ఇంట్లో చెప్పేదాన్ని కాదు. ఆయనే వెళ్లి నాయనమ్మ మంచం పక్కన నిలబడి జరిగింది జరిగినట్టు చెప్పారు.

"చేతిలో తుపాకీ. ఎదురుగా వాడు" అంది నాయనమ్మ. "నువ్వు నీళ్లు తాగొచ్చావట్రా?"

"దాహమేసిందమ్మా."

"ఛీ, అవతలకి పో."

ఆ రోజు నుంచి ఆవిడ ఆయన చేతి నీళ్లు ముట్టలేదు. దసరా వస్తే కత్తిపీటకి, కుట్టుమిషనుకి, స్కూటరుకి బొట్లు పెట్టింది. తుపాకీని దాటేసింది. పెదనాన్నే లోపల్నుంచి దాన్ని తెచ్చి, కీలు సందుల్లోకి దిగేలా పసుపూ కుంకుమా దట్టంగా పట్టించి, కొబ్బరినీళ్లు పోసి, అలాగే తీసుకెళ్లి బీరువాలో పెట్టేశారు. ఆ సాయంత్రం తుడవలేదు. ఆ తర్వాత ఏ ఏడూ తుడవలేదు. అమ్మలేరు, ఎవరికీ ఇవ్వలేరు. దాన్ని వదిలించుకోడానికి ఆయనకి మిగిలిన దారి అదొక్కటే అనుకుంటాను.

నాయనమ్మ పోయేముందు ఆయన తులసినీళ్లు చెంచాతో నోటి దగ్గర పెడితే పళ్లు బిగబట్టింది. నీళ్లు చెంప మీదుగా దిండులోకి కారిపోయాయి. అమ్మ పెడితే మింగింది. పెదనాన్న ఆ చెంచా పట్టుకుని వరండాలోకి వెళ్లి, శవాన్ని లేపేదాకా అక్కడే నిలబడ్డారు. అంత నిర్దయ నేను మళ్లీ చూడలేదు.

చాలా ఏళ్ల తర్వాత ఒకసారి అడిగాను, ఆ రోజు బ్యాగు మీదకి చెయ్యి ఎందుకొచ్చిందని. కాఫీ చల్లారేదాకా ఆలోచించారు. "స్టెప్పులన్నీ అయిపోయాయమ్మాయ్. ఒక్కటే మిగిలింది. దానికి చెయ్యి రాలేదు" అన్నారు.

ఆయన ఆ రోజు జైలుకి పోయి ఉంటే నా చదువు అక్కడే ఆగిపోయేది, అమ్మ మరో శవం కోసం ఎదురుచూస్తూ బతికేది. నేనిప్పుడు తింటున్న తిండి ఆయన తాగిన ఆ నీళ్ల వల్లే వచ్చింది. అది తెలుసు. అయినా చెరువులాయన పొద్దున్నే కృష్ణ కట్ట మీద నడుస్తూ ఎదురుపడితే కడుపులో మంట లేస్తుంది. అది ఆయన మీదో, పెదనాన్న మీదో ఇప్పటికీ తేల్చుకోలేను.

పెద్దకర్మ అయ్యాక తుపాకీని స్టేషన్లో అప్పగించాను. మనిషి పోతే లైసెన్సు కూడా పోతుంది. కుర్ర కానిస్టేబుల్ దాన్ని విప్పి చూద్దామని మీట నొక్కాడు. కదల్లేదు. మోకాలికి ఆనించి బలంగా వంచాడు. విరుగుతుందేమో అనిపించింది కానీ తెరుచుకోలేదు. కీలులోంచి ఎర్రటి పొడి బల్ల మీద రాలింది.

"ఇదేంటి మేడమ్?"

"దసరా కుంకుమండీ."

"అమ్మవారిదా!" అంటూ తుప్పు కలిసిన ఆ పొడిని వేలితో అద్ది, కళ్లు మూసుకుని నుదుట పెట్టుకున్నాడు. తర్వాత రసీదు రాయడానికి కూర్చున్నాడు.