ఎడమ చేతి ద్రాక్షతీగ

సహోదరులారా, సహోదరీలారా, నన్ను జాలిగా చూడకండి, ముందే చెబుతున్నాను! ఈ వేలాడే కుడిచేతిని చూసి అయ్యో అనేవాళ్ళు మన బీదరులో చాలామందే ఉన్నారు. నేను నిలబడింది అందుకు కాదు, నా దేవుడు చేసింది చెప్పడానికి.

నా పేరు సువార్తమ్మ. పుట్టిల్లు చింతకి అనే పల్లె, పెళ్ళయ్యాక బీదరుకు వచ్చాను. ఇంట్లో కూర్చుని గాజు గ్లాసుల మీద, సీసాల మీద పూలు వేసేదాన్ని. తీగ గీసిన కాగితాన్ని గ్లాసు లోపల అతికించి, బయట నుంచి మెహందీ కోన్‌లాంటి దానితో గీత పిండి, అది ఆరాక మధ్యలో రంగు నింపాలి. పెళ్ళి కానుకలకు నా గ్లాసులే కావాలని అడిగేవారు. అలాంటిదాన్ని ఒకరోజు పొద్దున పొయ్యి దగ్గర కూలిపోయాను, పక్షవాతం! మాట వచ్చింది, నడక వచ్చింది, కుడిచేయి మాత్రం రాలేదు. మందులు వాడాను, కసరత్తు చేశాను, సంఘమంతా ఉపవాసముండి ప్రార్థించింది, అయినా చేయి లేవలేదు, అన్నం కలుపుకోవడానికి కూడా ఇంకొకరి చేయి కావాల్సి వచ్చేసరికి చచ్చిపోవాలనిపించింది, అబద్ధమెందుకు చెప్పాలి!

ఎడమచేత్తో వేసి చూడమని మా ఆయన అంటే మా అత్తమ్మ అడ్డం పడింది. "ఎడమచేత్తోని చేసిన సామాను పెండ్లికి ఎవరు కొంటరే? అశుభమంటరు" అంది. ఎడమచేత్తో ఇస్తే చిల్లర కూడా పుచ్చుకోని ఊరు మనది, ఆమెను అని ఏం లాభం! నాకు కోపం వచ్చింది, ఆమె మీద కాదు, దేవుని మీద. తలుపేసుకుని అరిచాను: "ప్రభువా, కుడిచెయ్యి ఇస్తవో ఇయ్యవో నీ ఇష్టం! ఎడమచెయ్యి గూడ నువ్వు చేసిందే గద! పుర్రచెయ్యి అని ఎక్కిరించెటోళ్ళకు నువ్వే జవాబు చెప్పుకో, నాకు మాత్రం పని నేర్పు!"

అని పనికి కూర్చున్నాను. ఎప్పటిలాగే ఎడమ నుంచి గీత మొదలుపెడితే, చేయి తడి గీత మీదుగానే పోయి అంతా పులిమేసేది. వేయడం, కడగడం, మళ్ళీ వేయడం. పక్కింటి రజియాబీ గుమ్మంలో నిలబడి చూసి నవ్వింది. "అక్కా, కుడిదిక్కుకెల్లి షురూ చెయ్యి, మేం ఉర్దూ రాసినట్ల! నీ చెయ్యి ముందట పోతది, తడి ఎనకనే ఉంటది" అంది. అలా చేశాను. తీగ చెదరకుండా గ్లాసు చుట్టూ తిరిగి వచ్చింది! నేను అరిచి అడిగినదానికి జవాబును దేవుడు ఆ ముస్లిం చెల్లెలి నోట పంపాడు, ఆయన ఎవరి నోటినైనా వాడుకుంటాడు, స్తోత్రం!

మొదట మన సంఘం కోసమే వేశాను. ప్రభువు బల్ల మీద ద్రాక్షరసం పోసి అందరికీ పంచే చిన్న గ్లాసుల మీద, పెదవి తగిలే అంచు వదిలి కింద మాత్రమే ద్రాక్షతీగ. సంఘపెద్ద యోహానయ్య గారు పెట్టె విప్పి చూసి పక్కకు జరిపారు. "అమ్మా, మనసు కష్టపెట్టుకోకు, ఎడమచేతి పని బల్ల మీద ఎట్ల పెడతం?" అన్నారు. ఆయన చెడ్డవారు కాదు, అలవాటు అలాంటిది. కానీ నేను ఊరుకోలేదు!

"పెద్దయ్యా, బైబిల్ల ఇశ్రాయేలును విడిపించనీకి దేవుడు ఎడమచేతివాటం మనిషిని లేపలేదా? నేను పడ్డకాన్నించి కానుక సంచిల పైస ఈ చేత్తోనే ఏస్తున్న. ఇది పనికిరాదంటే అది వాపస్ ఇయ్యుండ్రి!"

యోహానయ్య గారు ఆ పెట్టెను తానే ఎత్తుకుని పోయి బల్ల మీద గ్లాసులు ఒక్కొక్కటే పేర్చారు. నేను ఏడ్చాను, ఆయనా ఏడ్చారు. దేవునికే మహిమ!

నా కుడిచేయి ఈ రోజుకీ లేవలేదు. లేపితే స్తుతిస్తాను, లేపకపోయినా స్తుతిస్తాను, సాతాను ఏం చేసుకుంటాడో చేసుకోనివ్వండి! ప్రియులారా, కాసేపట్లో ఆ గ్లాసులే మీ దగ్గరికి వస్తాయి. నేను తగను అని వెనక కూర్చున్నవాళ్ళెవరైనా ఉంటే ఆయనను నమ్మి ముందుకు రండి. కుడిచేయి లేకపోతే ఎడమచేయి చాచండి, అదీ లేకపోతే నోరు తెరవండి, నేనే తాగిస్తాను.