లచ్చిరాం విమానం ఇంకా దిగలేదు

జనగామ చౌరస్తా ప్రజలకు ఇందుమూలంగా తెలియజేయునది ఏమనగా,

నేటి నుంచి నేను వన్ బై టూ చాయ్ తాగను. ఫుల్ కప్పు ఒక్కణ్నే తాగుతాను. చక్కెర ఎక్కువైందని హోటలాయనను తిట్టను. మా షాపు ముందున్న విరిగిన కుర్చీని ఇకపై ఎవరైనా వాడుకోవచ్చు.

ఈ ఉత్తర్వులు వెంటనే అమలులోకి వస్తాయి.

కారణం చెప్తాను.

నిన్న పొద్దున వాట్సాప్‌లో లచ్చిరాం ఫొటో వచ్చింది. పంపింది వాడి తమ్ముడు. కింద ఒకటే ముక్క.

"అన్నా, ఫ్లెక్సీ కొట్టాలె. అర్జెంట్."

నాది ఫ్లెక్సీ ప్రింటింగ్ షాపు. ఎవరు పుట్టినా, ఎవరికి పదవి వచ్చినా, ఎవరు పోయినా ముందు నాకే తెలుస్తుంది.

నేను బర్త్‌డే అనుకున్నాను.

"వెనక కేకు పెట్టాల్నా, పులిని పెట్టాల్నా? మీ అన్న మొఖం పక్కన పెడితే పులే పరేషాన్ అయితది" అని వాయిస్ మెసేజ్ పెట్టాను.

రెండు నీలం టిక్కులు పడ్డాయి.

తర్వాత జవాబు వచ్చింది. "శ్రద్ధాంజలి అన్నా."

లచ్చిరాం భూపాలపల్లిలో బొగ్గు లారీ నడిపేవాడు. రాత్రి పడుకున్నవాడు పొద్దున లేవలేదట. నిద్రలోనే గుండె ఆగింది.

ఆ వాయిస్ మెసేజ్ డిలీట్ చేశాను. వాళ్లు అప్పటికే విన్నారు.

తెలియని వాళ్ల కోసం రాస్తున్నా. జనగామ వచ్చినప్పుడల్లా ఆ విరిగిన కుర్చీలో కూర్చొని నా చాయ్‌లో సగం తాగేది, చక్కెర ఎక్కువ వేయించేది వాడే. మేమిద్దరం కలిసి ఒక యుద్ధం సినిమా తీశాం. యూట్యూబ్‌లో ఉంది. ఇంటర్ తప్పినోడు కథ రాసి, లారీ డ్రైవర్ హీరో అయితే ఎట్లుంటదో అట్లనే ఉంటుంది.

కథలో ఇద్దరు ఫైటర్ పైలట్లు. ఒకడు దొర కొడుకు, ఒకడు కూలీ కొడుకు. ఇద్దరికీ నంబర్ వన్ కావాలని పిచ్చి. శత్రువుల విమానాలు కూల్చి ఎవడు ముందు కిందికి దిగితే వాడి భుజానికే స్టార్.

దొర కొడుకు నేను. కేసముద్రం దగ్గర మాకు భూములున్నాయి కాబట్టి యాక్టింగ్ అవసరం పడలేదు.

కూలీ కొడుకు వాడు. వాళ్ల తండా మా పొలాల అవతలే.

ఇద్దరికీ విమానం ఒక్కటే. మా చిన్నాయిన వరికోత మిషన్. దాని క్యాబినే కాక్‌పిట్. వెల్డింగ్ అద్దాలే గాగుల్స్. వడ్లు ఆరబోసే తాటిపత్రి పారాచూట్.

పొద్దున నా షాట్లు అయిపోయాయి, ల్యాండింగ్‌తో సహా. మధ్యాహ్నం లచ్చిరాం ఎక్కాడు. కొడుకు విమానం దిగేది చూడాలని వాళ్లమ్మ వచ్చి గట్టు మీద కూర్చుంది.

వాడు "గాల్లో" ఉండగా మా చిన్నాయిన బండి మీద వచ్చాడు.

"వాణ్నెందుకురా సీట్ల కూసోబెట్టినవ్? మిషన్ మనది."

"మిషన్ మీదే పటేలా" అన్నాడు లచ్చిరాం, అద్దాలు కూడా తీయకుండా. "గాలి మీది గాదు గదా."

చిన్నాయిన తాళంచెవి గుంజుకొని పోయాడు. బతిమాలాను, తిట్టాను, వెనక ఉరికాను. వినలేదు.

లచ్చిరాం మెల్లగా కిందికి దిగాడు. కెమెరా బంద్ ఉంది కాబట్టి అది ల్యాండింగ్ కాదన్నాడు.

"నాది తీసేదాకా నీది గూడ పెట్టద్దన్నా. మాటియ్యి."

ఇచ్చాను. అందుకే ఆ సినిమా ఇద్దరం గాల్లో ఉండగానే ఆగిపోతుంది. ఎవడు గెలిచాడని కామెంట్లలో ఇప్పటికీ అడుగుతుంటారు.

తర్వాత వాడి ల్యాండింగ్ తీద్దామని ఏటా అనుకున్నాం. కోతలప్పుడు మిషన్లు ఖాళీ ఉండవు. మిషన్ ఖాళీ ఉంటే వాడికి లోడు ఉండేది. చివరికి టేకుమట్లలో ఒకాయన మిషన్ ఇస్తానన్నాడు. ఈ యాసంగి కోతలు కాగానే పోవాలి.

పోయిన వారం వాడే ఫోన్ చేశాడు. "ఇగ నాతోని గాదన్నా. స్టార్ నువ్వే పెట్టుకో" అన్నాడు.

నిన్న ఫ్లెక్సీకి సినిమాలోని గాగుల్స్ ఫొటోనే పెట్టాను. మనిషంత ఎత్తున వాడి మొఖం ప్రింటింగ్ మిషన్లోంచి మెల్లగా బయటికి వస్తుంటే షాపులో నేనొక్కణ్నే ఉన్నాను.

ఎవరికన్నా ఫోన్ చేద్దామనిపించింది. ఇట్లాంటప్పుడు నేను చేసేది వాడికే.

ఫ్లెక్సీ పట్టుకొని తండాకు పోయాను. వాళ్లమ్మ నన్ను పక్కన కూర్చోబెట్టుకొని, ఫోన్‌లో ఆ సినిమా పెట్టమంది. మొత్తం చూసింది. వాడు గాల్లో ఉండగా స్క్రీన్ నల్లబడింది.

"ఇంకెంతసేపు తిప్పుతవ్ బిడ్డా వాణ్ని. జర దించు."

 

నా ల్యాండింగ్ ఇక ఎప్పటికీ పెట్టను.

ఇంకొకటి. స్టార్ నువ్వే పెట్టుకో అని వాడు ఫోన్‌లో అన్నట్టు పైన రాశాను కదా, అది పూర్తిగా నా కల్పన. సినిమాలో వాడి డైలాగులన్నీ నేనే రాశాను, అలవాటు పోలేదు. వాడు ఓటమి ఒప్పుకునే రకమా.

వాడు నిజంగా అన్నది ఇది: "కోతలు కాంగనే వస్త. సూడు, ముందుగాల నేనే దిగుత."

సరే లచ్చీ. నువ్వే దిగు. నిమ్మళంగా దిగు.